ప్రేమకు ఒక క్రమం: క్రైస్తవ జీవితంలో దైవ ప్రాథమ్యం, లౌకిక బంధాలు

వ్యాససంగ్రహం:
దేవుణ్ణి అన్నిటికంటె ముందుంచాలన్న క్రైస్తవ బోధ, కుటుంబ బంధాల దగ్గరకు వచ్చేసరికి కఠినమైన ప్రశ్నగా మారుతుంది. లూకా సువార్త 14:26లోని 'ద్వేషించు' అన్న క్రియాపదం ఆ కాఠిన్యానికి కేంద్రం. ఆ పదానికి గల సెమిటిక్ నేపథ్యాన్ని, క్రీ.శ. 203లో కార్తేజిలో మరణశిక్ష పొందిన పెర్పెతువా చెరసాల కథనాన్ని, అగస్టీను ప్రతిపాదించిన 'ప్రేమ క్రమ' సిద్ధాంతాన్ని పరిశీలించి, తెలుగు నేలపై ఈ బోధ ఏ రూపం పొందిందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ప్రేమ క్రమం, లూకా 14:26, పెర్పెతువా, అగస్టీను, కొర్బాను, వైరాగ్యం, బంధం, ఒంగోలు.

1. ఉపోద్ఘాతం

దేవునికి మొదటి స్థానం ఇవ్వాలన్న మాటను కాదనే క్రైస్తవుడు ఉండడు. ఆ స్థానాన్ని ఎవరి స్థానం తగ్గించి ఇవ్వాలన్న ప్రశ్న వచ్చినప్పుడే చిక్కు మొదలవుతుంది. ధనం, పదవి, కీర్తి వంటి వాటి విషయంలో సమాధానం తేలిక. వాటిపై మోజు తగ్గించుకోవాలని దాదాపు అన్ని మత సంప్రదాయాలూ చెబుతాయి, వినేవారూ తలూపుతారు. తల్లిదండ్రులు, జీవిత భాగస్వామి, పిల్లల విషయం అటువంటిది కాదు. తండ్రిని, తల్లిని సన్మానించమని పది ఆజ్ఞలలో ఒకటిగా చెప్పినవాడు ఆ దేవుడే. దేవుడు ప్రేమించమన్నవారినే దేవుని కోసం వెనుకకు నెట్టవలసి రావడం ఎలా సంభవం? ఈ ప్రశ్నకు పాస్టరు ప్రసంగంలో దొరికే జవాబు సాధారణంగా రెండు రకాలుగా ఉంటుంది. ఒకటి, వచనాన్ని అక్షరాలా తీసుకొని కుటుంబాన్నే అడ్డంకిగా చూపేది. రెండవది, వచనంలోని పదును పూర్తిగా తీసివేసి, అది కేవలం అతిశయోక్తి అని చెప్పి ముగించేది. ఈ రెండూ మూలపాఠానికి న్యాయం చేయవు.

2. 'ద్వేషించు': ఒక క్రియాపదం చుట్టూ

తన వెంట వచ్చే జనసమూహాలను ఉద్దేశించి యేసు చెప్పినట్లుగా లూకా నమోదు చేసిన మాటలో, తండ్రి, తల్లి, భార్య, పిల్లలు, సోదరులు, సోదరీమణులు, చివరకు సొంత ప్రాణం వరకు ఒక జాబితా ఉంది. వీరిని 'ద్వేషించని' వాడు శిష్యుడు కాలేడన్నది ఆ వాక్య సారాంశం. ఇదే బోధను మత్తయి సువార్త 10:37 వేరే రూపంలో ఇస్తుంది. అక్కడ ద్వేషం ప్రస్తావన లేదు. తండ్రినో తల్లినో, కుమారునో కుమార్తెనో తనకంటె ఎక్కువగా ప్రేమించేవాడు తనకు తగినవాడు కాడన్న పోలిక మాత్రమే ఉంది. భార్య పేరు మత్తయి జాబితాలో కనిపించదు, లూకా జాబితాలో కనిపిస్తుంది. ఈ తేడాకు లూకా సందర్భంలో ఒక కారణం ఊహించవచ్చు. ఈ మాటకు కొద్దిగా ముందే గొప్ప విందు ఉపమానం ఉంది. విందుకు పిలుపు అందుకున్నవారిలో ఒకడు పొలం కొన్నానని, మరొకడు ఐదు జతల ఎడ్లు కొన్నానని, మూడవవాడు పెళ్ళి చేసుకున్నానని సాకులు చెబుతారు. పొలం, పశువులు, భార్య ఒకే వరుసలో నిలిచిన ఆ ఉపమానం ముగిసిన వెంటనే ఈ జాబితా వస్తుంది. దాని తరువాత గోపురం కట్టబోయేవాడు ఖర్చు లెక్కచూసుకోవడం, పదివేల సైన్యంతో ఇరవైవేల సైన్యాన్ని ఎదిరించబోయే రాజు ఆలోచన చేయడం అన్న రెండు చిన్న ఉపమానాలు వస్తాయి. అంటే లూకా దృష్టి ఇక్కడ భావోద్వేగం మీద లేదు, లెక్క మీద ఉంది. శిష్యత్వానికి అయ్యే ఖర్చు ఎంత, చెల్లించగలవా అన్నది అక్కడి ప్రశ్న.

గ్రీకు మూలంలోని క్రియ 'మిసేయో'. దానికి వెనుక ఉన్న హెబ్రీ క్రియ 'సానే'. ఈ హెబ్రీ క్రియకు ద్వేషించడమనే అర్థం ఉన్నమాట నిజమే. అయితే ఇద్దరిలో ఒకరికి తక్కువ ప్రాధాన్యం ఇవ్వడమనే అర్థంలో కూడా అది వాడుకలో ఉంది. ఆదికాండం 29వ అధ్యాయం ఇందుకు తిరుగులేని సాక్ష్యం. యాకోబు లేయాకంటె రాహేలును ఎక్కువగా ప్రేమించాడని 30వ వచనం చెబుతుంది. వెంటనే 31వ వచనం లేయా ద్వేషింపబడిందని అంటుంది. రెండు వచనాల మధ్య కథలో కొత్తగా ఏ వైరమూ పుట్టలేదు. మొదటి వచనంలోని 'తక్కువ ప్రేమ'నే రెండవ వచనం 'ద్వేషం' అంది. ద్వితీయోపదేశకాండం 21:15-17లో ఇద్దరు భార్యలున్న పురుషుని ఆస్తి పంపకం గురించిన నియమంలోనూ ఇదే వాడుక. ప్రేమించిన భార్య కుమారునికోసం, 'ద్వేషించిన' భార్య జ్యేష్ఠ కుమారుని హక్కును తీసివేయరాదని ఆ నియమం. అక్కడ ఆ పదం దాదాపు న్యాయశాస్త్ర పరిభాషలా పనిచేస్తుంది.

ఈ వివరణ తెలుగు పాఠకునికి మరింత అవసరం. తెలుగు బైబిలు ఈ సందర్భంలో 'ద్వేషించు' అన్న పదాన్నే వాడింది. మూలపదానికి అది విధేయమైన అనువాదమే. కాని తెలుగులో ద్వేషం ఒంటరిగా రాదు, రాగంతో జంటగా వస్తుంది. రాగద్వేషాలు రెండూ మనసును కట్టిపడేసేవని, రెంటినీ దాటినవాడే స్థిరచిత్తుడని భగవద్గీత మొదలు జానపద తత్త్వాల వరకు విన్న చెవులివి. ఆ చెవులకు లూకా వాక్యం వింతగా తోస్తుంది. రాగం వదలమనడం అర్థమవుతుంది, దాని స్థానంలో ద్వేషం పెట్టుకోమనడం ఏమి బోధ? అనువాదం తప్పు కాకపోయినా, పదం మోసుకొచ్చే బరువు వేరైనప్పుడు అర్థం ఎలా పక్కకు జరుగుతుందో చెప్పడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

అయితే భాషాశాస్త్ర వివరణతో సమస్య తీరిపోయిందనుకోవడం పొరపాటు. 'తక్కువగా ప్రేమించు' అన్నది సరైన అర్థమే అయినా, అది మెత్తని అర్థం కాదు. లేయా ఆ 'తక్కువ ప్రేమ'ను ఎలా అనుభవించిందో ఆమె తన కుమారులకు పెట్టిన పేర్లే చెబుతాయి. రెండవ స్థానంలో నిలబడవలసి వచ్చిన వ్యక్తికి ఆ స్థానం ద్వేషంలాగే కనిపించవచ్చు. దేవుణ్ణి ముందుంచిన శిష్యుని ఇంట్లో, వెనుకబడినట్లు అనిపించిన తండ్రికి జరిగేది కూడా ఇదే.

3. కొర్బాను: భక్తి పేరిట బాధ్యత తప్పించుకోవడం

దైవ ప్రాథమ్యాన్ని బోధించిన సువార్తలే దానికి ఒక గట్టి హద్దు కూడా గీశాయి. మార్కు సువార్త 7:9-13లో కొర్బాను వివాదం ఉంది. తల్లిదండ్రుల పోషణకు చేరవలసిన సొత్తును దేవునికి అర్పితమని ప్రకటించి, ఆ మొక్కుబడిని సాకుగా చూపి వారికి ఏమీ చేయకుండా ఉండే ఆచారాన్ని యేసు తీవ్రంగా ఖండించాడు. దేవుని పేరు చెప్పి దేవుని ఆజ్ఞను రద్దు చేయడమే అది అన్నది ఆయన అభియోగం. సిలువపై ఉండి కూడా తన తల్లిని ఒక శిష్యుని సంరక్షణకు అప్పగించినట్లు యోహాను సువార్త 19వ అధ్యాయం చెబుతుంది. సొంత ఇంటివారిని పోషించనివాడు విశ్వాసాన్ని నిరాకరించినవాడేనని మొదటి తిమోతి పత్రిక 5:8 భావం.

వృద్ధులైన తల్లిదండ్రులను చూసుకోని కొడుకు లూకా 14:26ను అడ్డుపెట్టుకుంటే అతడు చేసేది శిష్యత్వం కాదు, కొర్బాను. ఈ రెంటినీ విడదీసే గీత ఒక్కటే: వదులుకున్నదానివల్ల ఎవరి ఖర్చు పెరిగింది, ఎవరి ఖర్చు తగ్గింది? శిష్యుడు తన మూల్యం తానే చెల్లిస్తాడు. కొర్బాను చెప్పినవాడు తన మూల్యాన్ని తల్లిదండ్రుల చేత చెల్లింపజేస్తాడు.

పదమూడవ శతాబ్దంలో థామస్ అక్వినాసు తన 'సుమ్మా థియొలాజియె' రెండవ భాగపు రెండవ విభాగంలో ఈ సమస్యను నేరుగా చర్చకు పెట్టాడు. సన్యాస మఠంలో చేరదలచిన వ్యక్తి తల్లిదండ్రులను విడిచిపెట్టవచ్చునా? అతని సహాయం లేనిదే వారికి జీవనం గడవని స్థితి ఉంటే విడిచిపెట్టరాదని, ఇతర మార్గాలలో వారి పోషణ సాగే స్థితి ఉంటే వెళ్ళవచ్చునని అతని తీర్పు. అక్వినాసు సొంత కుటుంబమే అతడు డొమినికన్ సభలో కొనసాగకుండా నిర్బంధించి ఉంచిందన్న సంగతి గుర్తుచేసుకుంటే, ఈ తీర్పులోని సమతౌల్యం మరింత విలువైనదిగా తోస్తుంది.

4. పెర్పెతువా: గీత దాటక తప్పని చోట

సూత్రాలు సులువుగా సర్దుకుంటాయి. రెండు ప్రేమలూ నిజమై, రెండూ ఒకేసారి నెరవేరే దారి లేని చోట ఏమి జరుగుతుందన్నదే అసలు పరీక్ష. ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజిలో, సెప్టిమియస్ సెవెరస్ చక్రవర్తి కాలంలో, 203 మార్చి 7న వన్యమృగాల ఎదుట మరణించిన విబియా పెర్పెతువా కథనం అటువంటిది. ఆమెకు సుమారు ఇరవై రెండేళ్ళు. మంచి కుటుంబంలో పుట్టి, చదువుకొని, వివాహమైన స్త్రీ. చంటిబిడ్డ తల్లి. చెరసాలలో ఆమె స్వయంగా రాసినట్లు చెప్పే భాగం, అజ్ఞాత సంపాదకుడొకడు ముందువెనుకలు చేర్చిన లాటిన్ గ్రంథంలో మిగిలింది. తొలి క్రైస్తవ సాహిత్యంలో ఒక స్త్రీ ఉత్తమపురుషలో చెప్పుకున్న మాటలు ఇంత విస్తారంగా దొరకడం చాలా అరుదు.

ఆమె కథనంలో న్యాయాధికారికంటె, మృగాలకంటె ఎక్కువ చోటు తండ్రికి దక్కింది. ఆయన నాలుగు సార్లు కనిపిస్తాడు. మొదటిసారి వచ్చినప్పుడు, అక్కడున్న ఒక పాత్రను చూపి, దాన్ని అది కాని పేరుతో పిలవగలమా అని ఆమె అడుగుతుంది. లేదంటాడు. తానూ క్రైస్తవురాలిని కాక మరొకటినని చెప్పుకోలేనంటుంది. తండ్రి ఆగ్రహంతో మీదికి వస్తాడు. తరువాత కొన్నాళ్ళు ఆయన రాకపోవడంతో తనకు ఊరట కలిగిందని ఆమె దాపరికం లేకుండా చెబుతుంది. రెండవసారి వచ్చేనాటికి ఆయన కోపం పోయి దైన్యం మిగులుతుంది. తన నెరిసిన తలను చూసి జాలిపడమంటాడు. అన్నదమ్ములందరికంటె ఆమెనే ఎక్కువగా చూసుకున్నానని గుర్తుచేస్తాడు. చేతులు ముద్దాడి, కాళ్ళ మీద పడి, కూతురా అనకుండా అమ్మగారూ అని సంబోధిస్తాడు. రోమను సమాజంలో తండ్రికి గల అధికారం ఎంతటిదో తెలిసినవారికి ఆ సంబోధన ఎంత తలకిందుల దృశ్యమో అర్థమవుతుంది. మూడవసారి విచారణ వేదిక వద్దకు మనవణ్ణి ఎత్తుకొని వస్తాడు. అధికారి హిలారియానుసు సైతం తండ్రి వృద్ధాప్యాన్ని, బిడ్డ పసితనాన్ని చూసి చక్రవర్తి క్షేమం కోసం బలి అర్పించమని చెబుతాడు. ఆమె నిరాకరిస్తుంది. కూతుర్ని లాగబోతున్న తండ్రిని బెత్తంతో కొట్టిస్తారు. ఆ దెబ్బ తనకే తగిలినట్లు నొప్పి కలిగిందని ఆమె రాసుకుంది. మరణానికి ముందు ఆయన చివరిసారి వచ్చి గడ్డం పీక్కొని నేలపై పడినప్పుడు కూడా, ఆమె రాతలో కనిపించేది ఆయన దుఃఖం పట్ల దుఃఖమే.

బిడ్డ సంగతి ఇంకా సున్నితమైనది. చెరసాలలో మొదటి రోజుల్లో ఆమెను ఎక్కువగా పీడించినది చీకటి కాదు, రద్దీ కాదు, బిడ్డ గురించిన బెంగ. ఆకలితో సొమ్మసిల్లుతున్న శిశువుకు పాలిచ్చి, బిడ్డను తనతోనే ఉంచుకునే అనుమతి పొందిన తరువాత చెరసాలే రాజభవనంగా మారిందంటుంది. విచారణ తరువాత తండ్రి బిడ్డను తిరిగి పంపడు. బిడ్డ మరి పాలకు ఏడవలేదని, తన రొమ్ములు సలపలేదని, అది దేవుని చిత్తమని ఆమె చెబుతుంది. భక్తి రచనల ఆడంబరం ఏమాత్రం లేని ఈ శారీరక వివరమే ఆ గ్రంథానికి ప్రాణం. భర్త ప్రస్తావన మాత్రం ఎక్కడా లేదు. అందుకు పండితులు చెప్పే కారణాలు అనేకం, ఏదీ నిర్ణయాత్మకం కాదు. ఆమెతోపాటు మరణించిన ఫెలిసితా అనే బానిస స్త్రీ చెరసాలలోనే ఆడపిల్లను కనింది. ఆ పిల్లను సంఘంలోని ఒక సోదరి పెంచుకుంది. రక్తబంధం తెగిన చోట విశ్వాస బంధం బాధ్యత తీసుకున్న తీరుకు ఇది స్పష్టమైన నిదర్శనం.

తెలుగు పాఠకునికి ఇక్కడ పోతన భాగవతంలోని ప్రహ్లాదుడు గుర్తురావడం సహజం. తండ్రి మాట కాదని దేవుణ్ణి ముందుంచిన బిడ్డలు ఇద్దరూ. పోలిక ఉపయోగకరమే కాని తేడా అంతకంటె ఉపయోగకరం. హిరణ్యకశిపుడు హరివైరి. అతణ్ణి ధిక్కరించడంలో వినేవారికి ధర్మసంకటం ఉండదు, మనసు ప్రహ్లాదుని పక్షాన ముందే చేరిపోతుంది. పెర్పెతువా తండ్రి దేవునికి శత్రువు కాడు, కూతురు బతకాలని కోరిన ముసలి తండ్రి మాత్రమే. ఆయన కోరినదానిలో చెడు లేదు. మంచి ప్రేమను పక్కన పెట్టవలసి రావడం, చెడు బంధాన్ని తెంచుకోవడంకంటె వేరైన పని. అయితే ఒక చోట ఈ ఇద్దరూ కలుస్తారు. ప్రహ్లాదుడు నరసింహుణ్ణి కోరిన వరం తండ్రికి పాపవిముక్తి. పెర్పెతువాకూ తండ్రి పట్ల జాలి చివరివరకూ పోలేదు. వెనుక స్థానంలో ఉంచడానికీ, ప్రేమ లేకపోవడానికీ తేడా ఈ ఇద్దరి వల్ల తెలుస్తుంది.

5. అగస్టీను: ప్రేమ క్రమం

పెర్పెతువా స్మారక దినాన ఆఫ్రికా సంఘాలలో ఆమె కథనం చదివేవారు. రెండు శతాబ్దాల తరువాత హిప్పో బిషపు అగస్టీను ఆ సందర్భంలో చేసిన ప్రసంగాలు కొన్ని మిగిలాయి. తండ్రికి ఆమె ఇచ్చిన జవాబులో తల్లిదండ్రులను గౌరవించమన్న ఆజ్ఞకు భంగం లేకపోవడాన్ని, అదే సమయంలో ఆమె లొంగకపోవడాన్ని ఆయన మెచ్చుకున్నాడు. ఆ మెప్పు వెనుక ఆయన చాలాకాలంగా నిర్మించుకున్న సిద్ధాంతం ఉంది.

'దే దోక్త్రీనా క్రిస్తియానా' మొదటి పుస్తకంలో అగస్టీను వస్తువులను రెండుగా విభజించాడు. 'ఫ్రుయి' అంటే ఒకదాన్ని దానికోసమే ప్రేమించి అందులో విశ్రమించడం. 'ఊతి' అంటే ఒకదాన్ని మరో గమ్యాన్ని చేరడానికి వినియోగించడం. స్వదేశానికి తిరిగి వెళ్తున్న బాటసారులు బండి ప్రయాణానికి, దారి అందాలకు మురిసిపోయి ఇల్లు చేరడం మరిచిపోతే ఎలా ఉంటుందో, లోకాన్ని 'ఫ్రుయి'గా భావించడం అటువంటిదని ఆయన పోలిక. దేవుడొక్కడే 'ఫ్రుయి'కి అర్హుడు. ఇక్కడివరకు సిద్ధాంతం సాఫీగా సాగుతుంది. మరి సాటి మనిషి ఏ విభాగంలోకి వస్తాడన్న ప్రశ్న దగ్గర అగస్టీనే తడబడ్డాడు. మనిషిని 'వినియోగించడం' అన్న మాట ఆయనకే మింగుడుపడలేదని ఆ గ్రంథం చదువుతుంటే తెలుస్తుంది. చివరకు ఫిలేమోనుకు రాసిన పత్రికలో పౌలు వాడిన పదబంధాన్ని ఆసరా చేసుకొని, మనుషులు ఒకరినొకరు 'దేవునియందు' ఆనందించవచ్చునన్న పరిష్కారానికి వచ్చాడు.

ఈ పరిష్కారం సరిపోలేదన్నవారు ఉన్నారు. హన్నా ఆరెంట్ 1929లో ప్రచురించిన తన జర్మన్ పరిశోధన గ్రంథంలో, దేవుని కోసమే పొరుగువాణ్ణి ప్రేమిస్తే ఆ పొరుగువాని సొంత విశిష్టతకు చోటెక్కడ అని అడిగింది. ఈ ప్రశ్న నేటికీ బలమైనదే. అగస్టీను సూత్రాలను మాత్రమే చూస్తే దానికి జవాబు చెప్పడం కష్టం. ఆయన 'ఒప్పుకోళ్ళు' చదివినప్పుడు మాత్రం చిత్రం కొంత మారుతుంది.

ఆ గ్రంథం నాల్గవ పుస్తకంలో, తగాస్తెలో యౌవనంలోనే మరణించిన స్నేహితుని గురించి ఉంది. ఆ మరణంతో తనకు తానే ఒక ప్రశ్నగా మారానని, చావవలసినవాణ్ణి చావు లేనివాడిలా ప్రేమించడమే తన తప్పని ఆయన విశ్లేషించుకున్నాడు. గమనించవలసినది ఏమంటే, తప్పు స్నేహంలో ఉందని ఆయన అనలేదు. మనిషి మోయలేని బరువును మనిషి మీద పెట్టడమే తప్పు. దేవుని స్థానంలో కూర్చోబెట్టిన స్నేహితుడు, ఆ స్థానం తన వశం కాక కూలిపోతాడు. ఈ కోణం నుంచి చూస్తే దేవుణ్ణి ముందుంచడమన్నది మనిషికి చేసే అన్యాయం కాదు, మనిషిపై నుంచి దించే భారం. ఆరెంట్ ప్రశ్నకు ఇది పూర్తి సమాధానం కాకపోవచ్చు, కాని ఇక్కడ ఆ స్నేహితుని విశిష్టత చెరిగిపోలేదన్నది మాత్రం నిజం.

తొమ్మిదవ పుస్తకంలో తల్లి మోనికా మరణం మరో రకమైన సాక్ష్యం. భర్త పక్కన సమాధి పొందాలని ఆమె ఎంతో శ్రద్ధగా ఏర్పాటు చేసుకున్న స్త్రీ. 387లో ఆఫ్రికాకు తిరుగు ప్రయాణంలో ఓస్తియా రేవు వద్ద జబ్బుపడినప్పుడు, శరీరాన్ని ఎక్కడైనా పాతిపెట్టమని, ప్రభువు బలిపీఠం వద్ద తనను తలచుకుంటే చాలునని కుమారులకు చెప్పింది. ఎవరూ వదులుకొమ్మని అడగని కోరిక అది, మాగిన పండులా దానంతట అదే రాలింది. కుమారునికి మాత్రం అంత నిశ్చింత లేదు. క్రైస్తవుడు మరణానికి ఏడవకూడదన్న భావంతో కన్నీళ్ళు బిగపట్టి, ఆ బిగపట్టినందుకే మరింత బాధపడి, చివరకు ఒంటరిగా కొద్దిసేపు ఏడ్చాడు. ఆ కన్నీళ్ళను తప్పుపట్టేవారు తన పాపాలకోసం ఏడవాలని కోరాడు. సిద్ధాంతకర్త తన సిద్ధాంతాన్ని తన మీద రుద్దుకోలేకపోయిన ఈ చోటే పాఠకునికి ఆయనపై నమ్మకం కుదురుతుంది.

దీనికి విరుద్ధమైన ఉదాహరణ కూడా ఆ గ్రంథంలోనే ఉంది. ఏళ్ళ తరబడి తనతో కలిసి జీవించి, తనకు కుమారుణ్ణి కన్న స్త్రీని అగస్టీను పంపివేశాడు. హృదయం చీలి రక్తం కారిందని రాశాడు. కాని ఆ వియోగం దేవుని కోసం జరిగింది కాదు. హోదా తెచ్చే వివాహానికి ఆమె అడ్డుగా ఉండడమే కారణం. ఆమె పేరు కూడా ఆయన రాయలేదు. ప్రేమ క్రమం గురించి జరిగే చర్చలలో ఆమెకు చోటు దొరకడం అరుదు. దొరకవలసిన అవసరం మాత్రం ఉంది. లోకంలో ఎక్కువ బంధాలు తెగేది దేవుని కోసం కాదు, మరో లౌకిక బంధం కోసమేనని ఆమె ఉదంతం చెబుతుంది. 'దైవనగరం' పదిహేనవ పుస్తకంలో సద్గుణాన్ని ప్రేమ యొక్క క్రమంగా అగస్టీను నిర్వచించినప్పుడు, ఆ నిర్వచనానికి ఎదురుగా నిలబెట్టవలసిన అనుభవాలలో ఇదీ ఒకటి.

6. తెలుగు నేలపై బంధం

తెలుగులో బంధం అన్న పదానికే రెండు ముఖాలున్నాయి. చుట్టరికమూ బంధమే, సంకెలా బంధమే. బంధువులు, అనుబంధం, రుణానుబంధం ఒక వైపు, భవబంధం, బంధవిముక్తి మరో వైపు. అందువల్ల క్రైస్తవ బోధకుడు లౌకిక బంధాలను వదలమన్నప్పుడు వినేవారికి వైరాగ్యం, సన్యాసం స్ఫురిస్తాయి. ఈ స్ఫురణ పూర్తిగా అసంగతం కాదు. ఎడారి సన్యాసుల నుంచి అస్సీసి ఫ్రాన్సిసు వరకు క్రైస్తవంలోనూ విరక్త మార్గం ఉంది. అయితే మూలభావనలో తేడా ఉంది. సృష్టి మంచిదన్న ఆదికాండ వాక్యం మీద నిలిచిన చింతనలో, బంధం మాయ కాదు, తెంచవలసిన పాశమూ కాదు. దాని వరుస మారవలసి ఉంటుంది. మార్కు 10:29-30లో ఇల్లు, అన్నదమ్ములు, తల్లి, పిల్లలు, పొలాలు విడిచినవారికి అవే నూరంతలుగా తిరిగి వస్తాయన్న వాగ్దానం ఉంది. విడిచిన జాబితాలో ఉన్న తండ్రి, తిరిగివచ్చే జాబితాలో లేడు. కొత్త కుటుంబంలో ఆ స్థానం దేవునికే కేటాయించబడిందని కొందరు వ్యాఖ్యాతలు దీన్ని వివరిస్తారు. నూరంతలుగా తిరిగి వచ్చేవాటిలో హింసలు కూడా ఉన్నాయన్నది ప్రసంగాలలో తరచు జారిపోయే వివరం.

ఒంగోలు ప్రాంత చరిత్ర ఈ చర్చకు ఒక అనూహ్యమైన మలుపు ఇస్తుంది. పెర్పెతువా నమూనా ప్రకారం విశ్వాసి ఒంటరిగా బయటికి వస్తుంది, కుటుంబం వెనుక నిలిచిపోతుంది. పందొమ్మిదవ శతాబ్దంలో అగ్రవర్ణాల నుంచి క్రైస్తవం స్వీకరించినవారిలో ఈ నమూనాయే ఎక్కువ. మాదిగ సమాజంలో జరిగింది వేరు. 1866లో బాప్తిస్మం పొందిన యెర్రగుంట్ల పేరయ్య చర్మాల వ్యాపారం మీద ఊళ్ళు తిరిగేవాడు. క్రైస్తవానికి ముందే రాజయోగ సంప్రదాయంలో ఉపదేశం పొందినవాడని ఎమ్మా రౌషన్‌బుష్-క్లౌ 1899లో ప్రచురించిన గ్రంథం చెబుతుంది. అతని భార్య కూడా అతనితోనే విశ్వాసంలోకి వచ్చింది. కొత్త విశ్వాసం బంధుత్వ మార్గాల వెంటే ఒక పల్లె నుంచి మరో పల్లెకు పాకింది. 1876-78 కరువు కాలంలో బాప్తిస్మాలు నిలిపివేసిన జాన్ క్లౌ బృందం, 1878 జూలై 3న గుండ్లకమ్మ తీరంలో ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చింది. ఇంతటి సంఖ్య ఒంటరి వ్యక్తుల నిర్ణయాల మొత్తం కాదు. కుటుంబాలుగా, వాడలుగా తీసుకున్న నిర్ణయం.

అయితే ఆ చోట దేవుణ్ణి ముందుంచడానికి వదులుకొన్నది ఏమిటి? కొత్త విశ్వాసులకు క్లౌ పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువు మాంసం తినరాదు, విగ్రహాలను పూజించరాదు. పైకి ఇవి మతాచార నియమాలు. ఊరి వ్యవస్థలో మాత్రం వాటి పర్యవసానం వేరు. పిలిచినప్పుడు పనికి రావడం, చచ్చిన పశువులను తీసుకుపోవడం, గ్రామదేవత జాతరలో డప్పు కొట్టడం మాదిగల మీద తరతరాలుగా ఉన్న విధులు. మూడు నియమాలూ నేరుగా వెళ్ళి ఆ మూడు విధులకే తగిలాయి. ఊరి పెద్దల నుంచి పని నిరాకరణ, బావుల నిరోధం, దౌర్జన్యం ఎదురుకావడానికి కారణం ఇదే. ఇక్కడ తెగినది తండ్రీకొడుకుల బంధం కాదు, ఊరికీ వాడకూ మధ్యనున్న బంధం. చుట్టరికం అన్న అర్థంలో బంధం నిలిచి, సంకెల అన్న అర్థంలో బంధం కదిలింది.

లూకా 14:26పై తెలుగులో వచ్చే వ్యాఖ్యానాలు సాధారణంగా పెర్పెతువా నమూనానే అనుసరించి, ఇంటిని వదిలిన వ్యక్తి కథగానే ఆ వచనాన్ని చదువుతాయి. గుండ్లకమ్మ ఒడ్డున నిలిచినవారి కోణం నుంచి చదివితే, లూకా జాబితాలో చివరన ఉన్న 'సొంత ప్రాణం' అన్న అంశం ముందుకు వస్తుంది. ఊరి దయ మీద ఆధారపడి బతికే కుటుంబం ఆదివారం పనికి రానని చెప్పినప్పుడు పణంగా పెట్టినది ఆ వారం కూలి, ఆ ఊరి నీళ్ళు, కొన్నిసార్లు ప్రాణం. ఖర్చు లెక్క చూసుకొమ్మన్న గోపురం ఉపమానాన్ని వారికి వేరుగా వివరించవలసిన అవసరం ఉండి ఉండదు.